ఫాక్స్ దొర బొమ్మలు: పెయింటింగులు, వెక్కిరింత ప్రింట్లు, తరచుగా అడిగే ప్రశ్నలు

ఏనుగు మీద తలపాగా పెట్టుకుని కూర్చున్న ఒక లావుపాటి దొర బొమ్మ నా ఫోన్లో చాలా కాలంగా వాల్‌పేపర్‌గా ఉంది. చూసినవాళ్ళందరూ అడిగేది ఒకటే, ఇది ఆర్కాటు నవాబా, నిజామా అని. కాదు బాబూ, అది లండన్ ఎంపీ అని చెప్పగానే ఇక ప్రశ్నలే ప్రశ్నలు, అవే ప్రశ్నలు. చెప్పిందే చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టి ఇదంతా ఒకచోట రాసి పెట్టా. ఎక్కడినుంచైనా మొదలెట్టి చదువుకోవచ్చు, దేనికదే.

## ముందు మనిషి సంగతి

చార్లెస్ జేమ్స్ ఫాక్స్ అంటే ఎవరు? ప్రధానమంత్రి చేశాడా?

చెయ్యలేదు. 1749లో పుట్టాడు, 1806లో పోయాడు, 19 ఏళ్ళకే పార్లమెంటులో అడుగుపెట్టి చచ్చేదాకా దాదాపు 38 ఏళ్ళు అక్కడే ఉన్నాడు, అందులో ఎక్కువ భాగం ప్రతిపక్షంలోనే. బ్రిటన్‌కి మొట్టమొదటి విదేశాంగ మంత్రి ఈయనే, 1782లో. తర్వాత 1783లో ఇంకోసారి, చివరికి 1806లో కొన్ని నెలలు చేశాడు. మాట్లాడ్డంలో మొనగాడు, జూదంలో అంతకన్నా మొనగాడు, అప్పులు తీర్చడానికి వాళ్ళ నాన్న లక్ష పౌండ్లకి పైనే కట్టాల్సొచ్చింది. రాజు మూడో జార్జికి ఈయన పేరు వింటేనే ఒళ్ళుమంట, రాజుగారబ్బాయికేమో ప్రాణస్నేహితుడు.

పిట్స్ ఇండియా యాక్ట్ గురించి గ్రూప్స్‌కి చదువుకున్నాం, మరి ఫాక్స్ ఇండియా బిల్ ఏంటి?

1784లో ప్రధాని పిట్ తెచ్చిన చట్టానికి ముందు వచ్చి ఓడిపోయిన బిల్ అది. 1783 నవంబరులో ఫాక్స్ పెట్టాడు. ఈస్టిండియా కంపెనీని దాని డైరెక్టర్ల చేతుల్లోంచి లాగేసి లండన్‌లో కూర్చునే ఏడుగురు కమిషనర్లకి అప్పజెప్పాలని దాని సారాంశం. ఆ ఏడుగురి పేర్లు బిల్లులోనే రాసేశారు, అందరూ అప్పటి ప్రభుత్వం వైపు మనుషులే, నాలుగేళ్ళ దాకా కదిలించడానికి లేదు. కంపెనీ ఉద్యోగాలంటే ఆ రోజుల్లో బంగారు బాతు, ఎవరి చేతిలో ఆ నియామకాలుంటే వాళ్ళ చుట్టూ జనం తిరుగుతారు. అందుకే శత్రువులు 'ఇండియాని బాగుచెయ్యడం కాదు, ఇండియాని జేబులో వేసుకోవడం' అని గోల పెట్టారు. బిల్ రాయడంలో ఫాక్స్ స్నేహితుడు, సాటి ఎంపీ ఎడ్మండ్ బర్క్ చెయ్యి చాలా ఉంది, ఆయన ఉద్దేశం మంచిదేనని నేననుకుంటా, కానీ ఆ పేర్ల లిస్టు చూస్తే అనుమానం రాకుండా ఎలా ఉంటుంది చెప్పండి.

ఎక్కడో లండన్ గొడవ, మన తెలుగువాళ్ళకి ఏం సంబంధం?

1783లో కంపెనీ అంటే ఒక్క బెంగాల్ కాదు. ఉత్తర సర్కారులు, అంటే శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి వైపు అంతా 1766 నుంచి కంపెనీ కిందే ఉంది, గుంటూరు ఒక్కటే 1788లో వచ్చి చేరింది. నెల్లూరు ఆర్కాటు నవాబు చేతిలో, ఆ నవాబేమో కంపెనీ ఉద్యోగుల అప్పుల్లో పీకల్దాకా మునిగి ఉన్నాడు. రెండో మైసూరు యుద్ధం అప్పటికింకా అయిపోలేదు, హైదరాలీ అంతకు ముందేడాది డిసెంబరులోనే చిత్తూరు దగ్గర దండులో ఉండగా పోయాడు. అంటే మచిలీపట్నంలో శిస్తు ఎవడు ఎంత లాగాలో ఎవరికి లెక్క చెప్పాలో అన్న గొడవే లండన్‌లో ఆ బిల్. బొమ్మలో ఏనుగు ఊరికే రాలేదు.

ఇంతమంది నాయకులుండగా ఈయన్నే ఎందుకు అంతలా గీశారు?

గీయడానికి వీలైన మొహం, అంతే. దుబ్బు కనుబొమలు నల్లగా దట్టంగా, ఎంత గీసినా మళ్ళీ మొలిచే గడ్డం, బొజ్జ, ఊడిపోతున్న బొత్తాలు, నలిగిన కోటు. రెండు గీతలు గీస్తే చాలు ఫాక్స్ వచ్చేస్తాడు. ఎదురుగా ప్రత్యర్థి పిట్ ఏమో వెదురుబద్దలా సన్నగా, ముక్కు గాల్లో. కార్టూనిస్టుకి దేవుడిచ్చిన జంట, మన సినిమాల్లో కమెడియన్ల జోడీలాగ. పైగా జూదం, ఆడవాళ్ళు, రాజుగారబ్బాయితో తిరుగుళ్ళు, పార్టీలు మార్చడం, ఎప్పుడూ ఏదో ఒక మేత ఉండేది.

## పెయింటింగులు, శిల్పాలు

అసలు మనిషి ఎలా ఉండేవాడు? ఏ బొమ్మని నమ్మాలి?

ఏదీ పూర్తిగా నమ్మక్కర్లేదు. పెయింటింగ్‌కి డబ్బిచ్చేది ఆయనా ఆయన స్నేహితులూ, కాబట్టి వాళ్ళు చూడాలనుకున్న ఫాక్స్ అందులో ఉంటాడు. ప్రింట్ కొనేది ఎక్కువగా ఆయనంటే పడనివాళ్ళు, కాబట్టి వాళ్ళకి కావాల్సిన ఫాక్స్ అందులో ఉంటాడు. అయితే రెండిట్లోనూ కామన్‌గా ఉండేవి చూడండి, కనుబొమలు, నల్లటి ఛాయ, బరువైన దవడ, ఇవి స్నేహితుడు వేసినా శత్రువు వేసినా తప్పలేదు. నా లెక్కలో నమ్మదగింది అదే. ఆస్ట్రియా నుంచి వచ్చిన కార్ల్ ఆంటన్ హికెల్ అనే ఆయన 1794లో వేసిన పోర్ట్రెయిట్ లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉంది, పొగడ్తా తక్కువ తిట్టూ తక్కువ, మొదటిసారి చూసేవాళ్ళకి నేను అదే చూపిస్తా.

రేనాల్డ్స్ పెయింటింగ్‌లో పక్కన కాగితాలు కనిపిస్తున్నాయి, అవేంటి?

అదే అసలు కథ. సర్ జాషువా రేనాల్డ్స్ వేసిన ఈ పోర్ట్రెయిట్ 1784లో రాయల్ అకాడమీ ఎగ్జిబిషన్లో పెట్టారు. ఫాక్స్ నిలబడి ఉంటాడు, పక్కన కాగితాల మీద ఈస్టిండియా కంపెనీ వ్యవహారాల బిల్ అని చదవొచ్చు. ఆలోచించండి, ఆ బిల్లే ఆయన పదవి పోగొట్టింది, ఊరంతా ఆ బిల్ పేరు చెప్పి ఆయన్ని ఏనుగెక్కించి నవ్వుతోంది, సరిగ్గా అప్పుడే ఈయన అదే కాగితం పక్కన పెట్టుకుని ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. అవును నేనే పెట్టా, ఏం, అన్నట్టు. పెయింటింగ్ మీద వచ్చే గౌరవం అంతా వాడుకుని వెక్కిరింతకి ఇచ్చిన జవాబు అది. దాన్ని చూసి జాన్ జోన్స్ మెజోటింట్ అనే రాగిరేకు అచ్చు పద్ధతిలో కాపీలు కూడా తీశాడు, కాబట్టి ఒరిజినల్ చూడలేనివాళ్ళ ఇళ్ళలోకీ వెళ్ళింది. అసలు పెయింటింగ్ నార్ఫోక్‌లో హోల్కమ్ హాల్ అనే పెద్ద బంగళాలో ఉంది.

చిన్నప్పటి బొమ్మలు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి, అందంగా ఉంటాయి కూడా. రేనాల్డ్సే 1760ల మొదట్లో వేసిన ఒకదాంట్లో కుర్రాడు ఫాక్స్, కిటికీలోంచి చూస్తున్న లేడీ సారా లెనాక్స్ (వరసకి పిన్ని), ఇంకో చుట్టాలమ్మాయి ఉంటారు. అమ్మ వైపు నుంచి రెండో చార్లెస్ రాజు రక్తం ఉంది కాబట్టే చార్లెస్, జేమ్స్ అని రాజుల పేర్లు పెట్టారంటారు, చూస్తే నిజంగానే రాజకుమారుడిలా ఉంటాడు. బొజ్జ తర్వాత వచ్చింది.

నీలం కోటు, లేత పసుపు వెయిస్ట్‌కోట్ ఏంటి ప్రతి బొమ్మలో?

పార్టీ కండువా అనుకోండి. నీలం, లేత పసుపు రంగులు అమెరికాలో జార్జ్ వాషింగ్టన్ సైన్యం యూనిఫాం రంగులు. అమెరికా యుద్ధాన్ని వ్యతిరేకించిన ఫాక్స్, ఆయన విగ్ (Whig, పెట్టుడు జుట్టు కాదు) పార్టీ మనుషులు రాజు ముందే ఆ రంగులేసుకుని తిరిగేవాళ్ళు, శత్రువు యూనిఫాం వేసుకుని అసెంబ్లీకి వచ్చినట్టు. రంగులేసిన ప్రింట్లలో ఈ జత కనిపిస్తే ఆ మనిషి ఫాక్స్ గుంపు అని దాదాపు ఖాయం చేసుకోవచ్చు.

ఒకదాంట్లో తెల్ల పౌడర్ జుట్టు, ఇంకోదాంట్లో కత్తిరించిన నల్ల జుట్టు, ఇద్దరూ ఒకడేనా?

ఒకడే. 1795లో పిట్ తలకి రాసుకునే పౌడర్ మీద పన్నేశాడు, మనిషికి ఏడాదికి ఒక గినీ. దానికి నిరసనగా విగ్ నాయకులు చాలామంది పౌడర్ మానేసి జుట్టు పొట్టిగా కత్తిరించేసుకున్నారు. జోసెఫ్ నోలెకెన్స్ చేసిన పాలరాతి తలల్లోనూ ఈ తేడా తెలుస్తుంది, 1791 నాటిది ఒక రకం, తర్వాతది పొట్టి జుట్టుతో ఇంకో రకం. తేదీ లేని బొమ్మ దొరికితే ముందు జుట్టు చూడండి, దగ్గరదగ్గరగా కాలం తెలిసిపోతుంది.

రష్యా రాణి ఈయన తల చెక్కించుకుని పెట్టుకుందట, నిజమా?

నిజం. 1791లో పిట్ రష్యాతో యుద్ధానికి దిగబోతే ఫాక్స్ పార్లమెంటులో అడ్డం పడ్డాడు, యుద్ధం ఆగింది. సంతోషంతో కేథరిన్ రాణి నోలెకెన్స్ చేసిన ఫాక్స్ శిల్పం తెప్పించి, పాతకాలం మహావక్తలు డెమోస్తనీస్, సిసిరోల మధ్య నిలబెట్టించింది. ఇంగ్లండ్‌లో కార్టూనిస్టులు ఊరుకుంటారా, 1792లో గిల్రే ఆ వరసని అలాగే గీసి, పెద్దమనుషులిద్దరి మధ్య గడ్డం మాసిన ఫాక్స్‌ని కూర్చోబెట్టాడు. ఫ్రెంచ్ విప్లవాన్ని ఫాక్స్ మెచ్చుకుంటున్నాడని తెలిశాక రాణిగారికీ మోజు తీరిపోయింది.

## వెక్కిరింత ప్రింట్లు

ఆ ఏనుగు బొమ్మలో ఎవరెవరున్నారు?

దాని పేరు కార్లో ఖాన్ లీడెన్‌హాల్ వీధిలోకి విజయయాత్ర. గీసింది జేమ్స్ సేయర్స్ అనే లాయరు, 1783 డిసెంబరు 5న అచ్చయింది. ఏనుగు మీద మొగల్ వేషంలో ఉన్నది ఫాక్స్. కార్లో అంటే చార్లెస్, ఖాన్ అంటే మనకి తెలిసిందే. ఇప్పుడు ఏనుగు మొహం సరిగ్గా చూడండి, అది ఏనుగు మొహం కాదు, మనిషి మొహం. మాజీ ప్రధాని లార్డ్ నార్త్. ఏళ్ళ తరబడి ఫాక్స్ తిట్టిపోసిన మనిషే, 1783లో అధికారం కోసం ఇద్దరూ చేతులు కలిపారు, కాబట్టి నార్త్ ఇప్పుడు మోసే జంతువయ్యాడు. ముందు బూర ఊదుకుంటూ నడిచేది కళ్ళజోడు బర్క్, బూరకి బెంగాల్ మ్యాపు వేలాడుతుంటుంది. వెనక ఉన్న బిల్డింగ్ కంపెనీ హెడ్డాఫీసు ఇండియా హౌస్.

జెండా మీద ఫాక్స్ ఇష్టపడే బిరుదు 'ప్రజల మనిషి' అని రాసి కొట్టేసి ఉంటుంది, దాని బదులు గ్రీకులో 'రాజులకు రాజు' అని. అంటే ప్రజల పేరు చెప్పుకుని పాదుషా అవుతున్నాడని. చిమ్నీ మీద అపశకునం పక్షి కూడా ఉంది, ఈ ఊరేగింపు ఎక్కువ దూరం పోదని. ఒక్క బిల్లు మీద ఇంత సంగతి ఒక్క కాగితంలో ఇరికించాడు, అదీ బిల్ ఇంకా కామన్స్‌లో, అంటే దిగువ సభలో, చివరి ఓటింగుకి రాకముందే. బ్రిటిష్ మ్యూజియం వెక్కిరింత బొమ్మల కేటలాగులో దీని నంబరు 6276, వెతకడానికి పనికొస్తుంది.

ఈ ఒక్క బొమ్మ వల్లే ఫాక్స్ గవర్నమెంట్ పడిపోయిందా?

అంత సీన్ లేదు. బిల్ కామన్స్‌లో 208కి 102తో హాయిగా గెలిచింది, డిసెంబరు 8న, అంటే బొమ్మ బజార్లోకొచ్చిన మూడు రోజులకి. ముంచింది రాజు. 'ఈ బిల్లుకి ఓటేసినవాడు నా స్నేహితుడు కాకపోవడమే కాదు, నా శత్రువు' అని ప్రభువుల సభలో కబురు తిప్పించాడు, డిసెంబరు 17న అక్కడ 95కి 76తో ఓడిపోయింది, రాజు వెంటనే మంత్రుల్ని పీకేసి 24 ఏళ్ళ పిట్‌ని ప్రధానిని చేశాడు. బొమ్మ చేసిన పని వేరే. రాజు చేసింది దబాయింపే, కానీ జనం కోపంతో వీధుల్లోకి రాలేదు, ఎందుకంటే అప్పటికే ఫాక్స్ అంటే ఇండియా మింగడానికి బయల్దేరిన ఖాన్ అని బుర్రలో పడిపోయింది. 1784 ఎన్నికల్లో ఆయన మనుషులు చాలామంది మట్టికరిచారు. పార్లమెంటు డిబేట్లకన్నా సేయర్స్ బొమ్మలే తనకి ఎక్కువ చేటు చేశాయని ఫాక్స్ స్వయంగా అన్నాడని చెప్పుకుంటారు. పిట్ మాత్రం సేయర్స్‌ని మర్చిపోలేదు, ఒక సర్కారీ పోస్టు ఇప్పించాడు.

ఇండియా గురించి బొమ్మ అంటున్నారు, అందులో ఒక్క ఇండియన్ కూడా లేడేంటి?

నన్ను ఎక్కువగా గుచ్చేది ఇదే. ఏనుగు, తలపాగా, అంగరఖా, అన్నీ ఉన్నాయి, మనుషులు మాత్రం అందరూ దొరలే. 1786లో గిల్రే వేసిన 'ఇండియా రక్షకుడి మీద పడ్డ రాజకీయ బందిపోట్లు' అన్నదాంట్లోనూ ఇదే, వారెన్ హేస్టింగ్స్ తూర్పు దేశపు బట్టల్లో ఒంటె మీద, మీద పడేవాళ్ళు బర్క్, ఫాక్స్, నార్త్. ఇండియా అంటే వాళ్ళకి నాటకాల కంపెనీ బట్టల పెట్టె, అవసరమైనప్పుడు తలపాగా తీసి ప్రత్యర్థి నెత్తిన పెట్టడం, ఇదిగో నియంత అని చూపించడం. తూర్పు వేషం వేస్తే చాలు దుర్మార్గుడని అర్థమైపోయేది చూసేవాళ్ళకి. ఇక్కడ శిస్తు కట్టేవాడు ఏమయ్యాడన్నది ఏ కార్టూనిస్టుకీ బొమ్మకి పనికొచ్చే విషయం కాలేదు. బర్క్ ప్రసంగాల్లో మాత్రం ఆ మనుషులు ఉన్నారు, అది ఒప్పుకోవాలి.

కొన్నిట్లో నక్క తల, కొన్నిట్లో సైతాను, ఎందుకు?

నక్క సంగతి సులువు, ఇంటిపేరు ఫాక్స్ కాబట్టి. మన దగ్గరా నక్కా అని ఇంటిపేరు ఉంది కదా, ఆ ఇంటాయన మంత్రి అయితే కార్టూనిస్టులు ఊరుకుంటారా, అలాగే. నక్కజిత్తులు అన్న మాట మనకున్నట్టే వాళ్ళకీ ఉంది, కాబట్టి తోక కనిపించగానే జనానికి అర్థమైపోయేది. 1802లో ఆయన పారిస్ వెళ్ళి నెపోలియన్‌ని కలిస్తే గిల్రే దానికి 'సిటిజెన్ వోల్పోనే' అని పేరు పెట్టాడు, ఇటాలియన్లో వోల్పోనే అన్నా నక్కే.

సైతాను సంగతి కొంచెం లోతు. 1782లో ఫాక్స్ కోపంతో పదవికి రాజీనామా చేస్తే, స్వర్గం నుంచి గెంటేయబడ్డ సైతానులా కొమ్ములతో జూదం బల్ల మీద నిలబెట్టాడు గిల్రే, పైన సూర్యుడిలో ప్రత్యర్థి షెల్బర్న్ మొహం. 1798లో ఇంకో అడుగు వేశాడు, ఏడుగురు ప్రతిపక్ష నాయకుల మొహాలు, ఒక్కోదాని వెనక దాని 'అసలు రూపం'. ఫాక్స్ వెనక సైతాను, షెరిడన్ వెనక గురువుని అమ్ముకున్న జూడాస్. మొహం చూసి మనసు చెప్పొచ్చు అనే సాముద్రికం పిచ్చి అప్పుడు యూరప్ అంతా ఉంది, దాన్ని వాడుకున్నాడు. గీత పరంగా అద్భుతం, కానీ ఇది చూస్తే నాకు నవ్వు రాదు.

కసాయివాడికి ముద్దు పెట్టే ఆవిడ ఎవరు?

డెవన్‌షైర్ డచెస్ జార్జియానా. 1784లో ఫాక్స్ వెస్ట్‌మినిస్టర్‌లో నిలబడ్డాడు, పోలింగ్ ఏప్రిల్ 1 నుంచి మే 17 దాకా, ఆదివారాలు తీసేసి 40 రోజులు! ఆవిడ వీధుల్లోకొచ్చి ప్రచారం చేసింది, ఓటుకి ముద్దు ఇచ్చిందని పుకారు పుట్టింది, రోలాండ్‌సన్ అనే కార్టూనిస్టు ఏప్రిల్‌లోనే దాన్ని బొమ్మ చేసి వదిలాడు. ముద్దు నిజమో కాదో గానీ ఆ తర్వాత వచ్చిన బొమ్మలు ఎంత బూతుకి దిగజారాయో చూస్తే, రాజకీయాల్లోకొచ్చిన ఆడవాళ్ళని ఇప్పుడు సోషల్ మీడియాలో ఏమంటారో అదే. మగవాళ్ళు వీధుల్లో కర్రలతో కొట్టుకుంటే ఎవరూ అంత రెచ్చిపోలేదు. రెండు సీట్లలో రెండోది ఫాక్స్‌కి వచ్చింది, కానీ ఓట్ల పరిశీలన అని ఏడాది దాకా నాన్చారు.

1790 తర్వాత బొమ్మలు ఎందుకంత రక్తసిక్తంగా ఉంటాయి?

ఫ్రాన్స్. 1789 విప్లవాన్ని ఫాక్స్ చేతులెత్తి స్వాగతించాడు, బర్క్ దాన్ని చీల్చి చెండాడాడు, 1791 మేలో ఇద్దరి పాతికేళ్ళ స్నేహం పార్లమెంటులో అందరి ముందే తెగిపోయింది, ఫాక్స్ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఫ్రెంచివాళ్ళు రాజు తల నరికి ఇంగ్లండ్ మీద యుద్ధానికొచ్చాక ఫాక్స్ అంటే దేశద్రోహి అనే ముద్ర పడింది. 1793లో గిల్రే ఆయన్ని చిరుగుబట్టల ఫ్రెంచ్ విప్లవకారుడిగా గీశాడు. 1796లో వేసిన 'ఫ్రెంచ్ దండయాత్ర భయాలు'లో లండన్ వీధిలో స్వేచ్ఛా స్తంభానికి పిట్‌ని కట్టేసి ఫాక్స్ కొరడాతో బాదుతుంటాడు, వెనక రాజభవనం తగలబడుతుంటుంది. జరగని సంగతిని జరిగినంత వివరంగా గీసి భయపెట్టడం, అది గిల్రే తర్వాతే ఎవరైనా.

గిల్రే పిట్ మనిషేనా? డబ్బులు తీసుకున్నాడా?

1797 నుంచి ఏడాదికి 200 పౌండ్లు గుట్టుగా అందాయి, నిజమే. కానీ అంతకు ముందు అదే గిల్రే 1791లో పిట్‌ని పెంటకుప్ప మీద మొలిచిన పుట్టగొడుగుగా గీశాడు, దాని వేళ్ళే రాజు కిరీటం ఆకారంలో ఉన్నట్టు. రాజునీ రాణినీ వదల్లేదు. నా ఉద్దేశం, ఆయనకి ఎవరంటేనూ భక్తి లేదు, ఎవడి మొహంలో తప్పు దొరికితే వాడి మీద పడతాడు. డబ్బు వచ్చాక ఫాక్స్ మొహంలో తప్పులు ఎక్కువ కనిపించడం మొదలయ్యాయి, అంతే.

ఇంత తిడితే కేసులు పెట్టేవాళ్ళు కాదా?

బొమ్మ మీద కేసు గెలవడం కష్టం. ఇది నేనే అని కోర్టులో ఒప్పుకోవాలి, కొమ్ములున్న సైతానుని చూపించి ఇది నేనే అని ఏ పెద్దమనిషి అంటాడు. 1796లో యువరాజు కూతురు పుట్టినప్పుడు ఫాక్స్, షెరిడన్‌లు పసిపాప పిర్ర ముద్దు పెట్టుకోబోతున్నట్టు, బైబిల్లో జ్ఞానుల కథని ఎగతాళి చేస్తూ గిల్రే వేసిన బొమ్మ మీద మాత్రం దైవదూషణ అని పట్టుకున్నారు, అదీ ముందుకి సాగలేదు. ఇంకో తమాషా, పరువునష్టం కేసుల్లో తప్పో ఒప్పో తేల్చే హక్కు జడ్జికి కాదు జ్యూరీకి అని 1792లో చట్టం తెచ్చింది ఫాక్సే. తనని రోజూ ఉతికేవాళ్ళకి గొడుగు ఆయనే పట్టాడు.

## అచ్చు, అమ్మకం

ఇవి ఎలా తయారుచేసేవాళ్ళు? రంగులు కూడా అచ్చేనా?

రాగిరేకు మీద మైనం లాంటి పూత పూసి సూదితో గీసేవాళ్ళు. తర్వాత యాసిడ్‌లో పెడితే గీత ఉన్నచోట రాగి తింటుంది, ఆ గాట్లలో సిరా నింపి తడి కాగితం పెట్టి ప్రెస్సులో లాగుతారు. అచ్చు నలుపే. రంగులన్నీ చేత్తో వేసినవి, షాపు వెనక గదిలో వరసగా కూర్చుని నీళ్ళ రంగులు అద్దేవాళ్ళు, ఎక్కువగా ఆడవాళ్ళు. అందుకే ఒకే బొమ్మ రెండు కాపీల్లో ఫాక్స్ కోటు నీలం ఒకచోట, ఇంకోచోట వేరే రంగు, కంగారు పడకండి.

ఎవరు కొనేవాళ్ళు? రేటెంత?

చిన్నవి, రంగు లేనివి 6 పెన్నీలకి దొరికేవి. రంగులేసినవి ఒకటి రెండు షిల్లింగులు, పెద్దవైతే ఇంకా ఎక్కువ. కూలిపని చేసేవాడికి రోజు కూలి దగ్గరదగ్గర అంత, కాబట్టి కొనేది డబ్బున్నవాళ్ళే. కానీ చూడ్డానికి డబ్బులక్కర్లేదు, షాపు కిటికీకి అంటించేవాళ్ళు, బయట గుంపు. గిల్రే బొమ్మల్లో చాలా భాగం అమ్మిన హన్నా హంఫ్రీ అనే ఆవిడ షాపు సెయింట్ జేమ్స్ వీధిలో ఉండేది, 1808లో గిల్రే ఆ కిటికీ ముందు జనాన్నే ఒక బొమ్మగా గీశాడు. పికడిలీలో ఫోర్స్ అనే ఇంకో షాపువాడు బొమ్మల ఆల్బమ్‌లు సాయంత్రానికి అద్దెకిచ్చేవాడు, క్యాసెట్లు అద్దెకి తెచ్చుకున్న రోజులు గుర్తొస్తాయి నాకు.

బొమ్మ కింద సన్నగా తేదీ, అడ్రసు ఎందుకు?

కాపీరైట్. 1735 చట్టం ప్రకారం యజమాని పేరు, అచ్చయిన తేదీ రేకు మీద ఉంటేనే హక్కు, మొదట 14 ఏళ్ళకి, 1767లో 28కి పెంచారు. మనకి దాని వల్ల ఎంత మేలంటే, ఏ రోజు డిబేట్‌కి ఏ బొమ్మ జవాబో రోజుతో సహా పట్టుకోవచ్చు. పెయింటింగులకి ఈ సుఖం లేదు.

## ఇప్పుడు చూడాలన్నా, కొనాలన్నా

ఇంట్లో కూర్చుని ఫ్రీగా పెద్ద సైజులో ఎక్కడ చూడొచ్చు?

బ్రిటిష్ మ్యూజియం ఆన్‌లైన్ కలెక్షన్, లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ, అమెరికాలో యేల్ యూనివర్సిటీకి చెందిన లూయిస్ వాల్పోల్ లైబ్రరీ, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్. బ్రిటిష్ మ్యూజియం పేజీలో బొమ్మలో ప్రతి మనిషీ ఎవరో, ప్రతి మాటా ఏంటో రాసి ఉంటుంది, అందులో పెద్ద భాగం డొరొతీ జార్జ్ అనే ఆవిడ కేటలాగు కోసం ఏళ్ళ తరబడి కూర్చుని రాసిన వివరాలు. ఆవిడ లేకపోతే మనకి సగం జోకులు అర్థమయ్యేవి కావు.

ఆన్‌లైన్లో ఒరిజినల్ గిల్రే అని అమ్ముతున్నారు, కొనొచ్చా?

ఆగండి. గిల్రే రాగిరేకులు ఆయన పోయాక కూడా బతికే ఉన్నాయి, 1830లో ఒకసారి, 1850 ప్రాంతంలో బోన్ అనే పబ్లిషర్ ఇంకోసారి అవే రేకులతో మళ్ళీ అచ్చు తీశారు. అవి దొంగవి కావు, కానీ ఆ కాలంవీ కావు, రేటు చాలా తక్కువ ఉండాలి. బోన్ కాపీలు మందపాటి కాగితం మీద, చాలావాటికి వెనక వైపు కూడా ఇంకో బొమ్మ, పైన మూల నంబరు. కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూడండి, 1794 తర్వాత చాలా కాగితాల్లో వాటర్‌మార్క్‌లోనే సంవత్సరం ఉంటుంది, బొమ్మ మీద 1796 ఉండి కాగితంలో 1820 కనిపిస్తే సంగతి తెలిసిపోయినట్టే. చుట్టూ రేకు నొక్కుకున్న గాడి వేలికి తగలాలి, కానీ అంచులు కత్తిరించేసిన ఒరిజినల్స్ కూడా బోలెడు, కాబట్టి అదొక్కటే చూసి తేల్చకండి. నేను మొదట కొన్నది 'ఒరిజినల్' అన్నారు, భూతద్దం పెడితే రంగు చుక్కలు చుక్కలుగా కనిపించాయి, ఏదో పుస్తకంలోంచి చింపిన పేజీ. ఫ్రేమ్ మాత్రం బావుంది, అందులో ఇప్పుడు మా అమ్మమ్మ ఫోటో ఉంది.

లండన్ వెళ్తున్నాం, ఒక పూటలో ఏం చూడొచ్చు?

బ్రిటిష్ మ్యూజియం దగ్గర్లోనే బ్లూమ్స్‌బరీ స్క్వేర్ ఉంది, అక్కడ 1816లో పెట్టిన ఫాక్స్ విగ్రహం, వెస్ట్‌మకాట్ చేసింది. రోమన్ల బట్ట కప్పుకుని చేతిలో మాగ్నాకార్టాతో కూర్చుని ఉంటాడు, బొజ్జని ఆ బట్టే కాపాడింది. అక్కణ్ణుంచి వెస్ట్‌మినిస్టర్ ఆబీకి వెళ్తే అదే శిల్పి చేసిన స్మారక శిల్పం, స్వేచ్ఛాదేవి చేతుల్లో ప్రాణం వదులుతున్న ఫాక్స్, పక్కన మోకాళ్ళ మీద ఒక ఆఫ్రికన్. 1806 జూన్‌లో, పోయే మూడు నెలల ముందు, బానిసల వ్యాపారం ఆపాలని తీర్మానం పెట్టి నెగ్గించాడు, ఆ మర్యాద అది. అన్నట్టు సమాధి పిట్ సమాధికి కొన్ని అడుగుల దూరంలోనే.

పిల్లలకి చూపించొచ్చా?

ఏనుగు బొమ్మ హాయిగా చూపించండి, ఏనుగుకి మనిషి మొహం ఎందుకుందో వాళ్ళనే అడగండి, మా ఇంట్లో ఎనిమిదేళ్ళ వాడు నాకన్నా ముందు చిమ్నీ మీద పక్షిని పట్టాడు. మిగతావి ముందు మీరు ఒకసారి చూసుకుని చూపించండి, ఆ కాలం వాళ్ళకి ఉచ్చ, పిత్తు, కొరడా లేకుండా రాజకీయం నడిచేది కాదు.